గ్రాఫు మాత్రమే ఇచ్చి, ఎక్స్ అనంతానికి పోతే అవధి ఎంత అని అడిగితే ఎలా చెప్పాలి?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెబుతాను. మీరు ఇంటర్ మొదటి ఏడాది, మ్యాథ్స్ 1బి. దిల్‌సుఖ్‌నగర్‌లో మీరు వెళ్లే కోచింగ్‌లో ఒక పరీక్ష పెట్టారు. అందులో ఫార్ములా లేదు, గ్రాఫు ఒక్కటే ఇచ్చారు. వై = 2 దగ్గర అడ్డంగా చుక్కల గీత ఉంది. కుడివైపు గ్రాఫు ఆ గీతను రెండుసార్లు దాటి, పైకీ కిందికీ కాస్త ఊగి, ఎక్స్ = 8 దగ్గర గీతకు ఆనుకున్నట్టు బాణం గుర్తుతో ముగిసింది. ఎడమ కొస కిందికి దిగిపోతూ అక్కడా బాణం. గ్రాఫు కొస దగ్గరవుతూ పోయే ఇలాంటి గీతను ఆసింప్టోట్ అంటారు, దాన్ని గ్రాఫు తాకకూడదని విన్నారు కాబట్టి కుడివైపు "అవధి లేదు" అని రాశారు. కీలో మాత్రం కుడివైపు 2, ఎడమవైపు −∞ అని ఉంది. దాంతోపాటు, 8 దగ్గర ఆగిపోయిన బొమ్మను చూసి అనంతం దగ్గర ఏం జరుగుతుందో ఎలా చెబుతారు అన్నది మీ రెండో సందేహం.

కీ సరిగ్గానే ఉంది. గ్రాఫు మీద వేలు పెట్టి కుడి కొస వైపు జరుపుతూ పోండి. వేలు ఏ ఎత్తు దగ్గర కుదురుకుంటోందో ఆ ఎత్తే, అంటే ఆ వై విలువే, కుడివైపు అవధి. ఎడమవైపుకు జరిపితే ఎడమవైపు అవధి. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు, ఒకదాని జవాబు రెండోదానికి పనికిరాదు. వేలు ఎక్కడా ఆగకుండా పైకే పోతుంటే ∞, కిందికే పోతుంటే −∞. పైకీ కిందికీ ఒకే మోతాదులో ఊగుతూనే ఉంటే అవధి లేదు. మధ్యలో ఎన్ని కొండలు, ఎన్ని లోయలు, ఎన్ని తెగిన చోట్లు ఉన్నా జవాబు మారదు.

ఇక "తాకకూడదు" అనే మాట సంగతి. క్లాసులో ఆసింప్టోట్ అనేదాన్నే తెలుగు మీడియం పుస్తకాల్లో అనంత స్పర్శరేఖ అంటారు. మనకు మొదట చూపించే ఉదాహరణలు 1/ఎక్స్, 2 పవర్ ఎక్స్. ఈ రెండూ నిజంగానే తమ గీతను తాకవు. అది ఆ రెండు ప్రమేయాల (ఫంక్షన్ల) లక్షణం, అనంత స్పర్శరేఖ నిర్వచనంలో ఆ షరతు లేదు. అడ్డంగా ఉన్న గీతను గ్రాఫు ఎన్నిసార్లయినా దాటవచ్చు. వై = (సైన్ ఎక్స్)/ఎక్స్ తీసుకోండి. ఎక్స్ విలువ పై (π) అయినప్పుడు, 2పై అయినప్పుడు, 3పై అయినప్పుడు, ఇలా ప్రతిసారీ అది ఎక్స్-అక్షాన్ని దాటుతుంది. ఆ దాటడానికి అంతు లేదు. అయినా అవధి 0. ఎందుకంటే సైన్ విలువ ఎప్పుడూ −1, 1 మధ్యలోనే ఉంటుంది. కింద ఎక్స్ పెరిగే కొద్దీ ఊపు చిన్నదవుతుంది. ఎక్స్ 10 దాటాక గ్రాఫు సున్నాకు 0.1 కంటే ఎక్కువ దూరం పోలేదు, 100 దాటాక 0.01 కంటే పోలేదు.

ఈ లెక్కలోనే అసలు పరీక్ష ఉంది. నేను దీన్ని పట్టీ పరీక్ష అంటాను. మీకు అవధి అనిపించిన ఎత్తు దగ్గర రెండు స్కేళ్లు అడ్డంగా పెట్టండి, ఒకటి ఆ ఎత్తుకు కాస్త పైన, ఒకటి కాస్త కింద. మధ్యలో సన్నని పట్టీ మిగులుతుంది. కుడివైపు పోతుంటే ఎక్కడో ఒకచోట గ్రాఫు ఆ పట్టీలోకి వచ్చి, ఇక ఎప్పటికీ బయటికి పోకూడదు. ఇప్పుడు స్కేళ్లను ఇంకా దగ్గరికి జరపండి. మళ్లీ ఇంకాస్త కుడివైపున గ్రాఫు లోపలికి వచ్చి అక్కడే ఉండిపోవాలి. పట్టీని ఎంత సన్నం చేసినా ఇలా జరిగితే ఆ ఎత్తే అవధి. లోపల ఉన్నప్పుడు మధ్య గీతను దాటుతోందా, తాకుతోందా, దాని మీదే నడుస్తోందా అన్నది ఈ పట్టీ పరీక్షకు అక్కర్లేదు. మీ గ్రాఫు వై = 2 గీతను రెండుసార్లు దాటినా, ఊపు చిన్నదవుతూ పట్టీలోనే ఉండిపోయింది. అందుకే 2.

ఇదే పరీక్ష సైన్ ఎక్స్‌కు పెట్టి చూడండి. సున్నాకు పైన 0.5, కింద 0.5 దూరంలో స్కేళ్లు పెడితే, సుమారు ప్రతి 6.28 యూనిట్లకు ఒకసారి గ్రాఫు పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి బయటికి వస్తుంది. ఎంత కుడివైపు పోయినా ఇదే వరస. సగటు సున్నా కదా, అవధి సున్నా అనుకోవడం ఇక్కడ చాలామంది చేసే తప్పు. అవధికి సగటుతో పని లేదు.

గ్రాఫు తెగిపోయి ఉన్నా ఇదే పరీక్ష పనిచేస్తుంది. ఎక్స్‌లో పూర్ణాంక భాగాన్ని, అంటే ఎక్స్‌ను మించని అతిపెద్ద పూర్ణాంకాన్ని, ఎక్స్‌తో భాగిస్తే రంపం పళ్లలాంటి గ్రాఫు వస్తుంది. ఎక్స్ 9.99 దగ్గర విలువ సుమారు 0.9, సరిగ్గా 10 దగ్గర ఒక్కసారిగా 1. పన్ను ఎత్తు 1/ఎక్స్ మేరకు తగ్గుతూ పోతుంది కాబట్టి అవధి 1. ఎడమవైపు కూడా 1 వస్తుంది, కాకపోతే అక్కడ పైనుంచి వస్తుంది: −9.5 దగ్గర −10ని −9.5తో భాగిస్తే 1.05.

బొమ్మ 8 దగ్గర ఆగిపోతే అనంతం సంగతి ఎలా తెలుస్తుంది? నిజం చెప్పాలంటే బొమ్మ ఒక్కదాన్ని చూసి తెలియదు. తెలిసేది బొమ్మతోపాటు మీకు ఇచ్చిన మాట వల్ల. కొసన బాణం ఉంటే "ఇదే తీరు ఇక ముందూ సాగుతుంది" అని పేపరు తయారుచేసినవారు మాట ఇస్తున్నట్టు. చుక్కల గీత ఉంటే "దీని దగ్గరికే పోతుంది" అని మాట. బాణం లేకుండా గ్రాఫు డబ్బా అంచుదాకా వచ్చి ఆగితే, మామూలుగా సాగుతుందనే తీసుకోవాలి. కానీ కొసన నిండు చుక్క గానీ ఖాళీ సున్న గానీ ఉంటే ప్రమేయం అక్కడితో అయిపోయింది, ఆ తర్వాత ఎక్స్‌కు విలువలే లేవు. అప్పుడు అనంతం దగ్గర అవధి అడగడమే కుదరదు. లాగ్ ఎక్స్, రూట్ ఎక్స్ గ్రాఫులకు ఎడమవైపు అవధి అడిగితే జవాబు ఇదే: అటువైపు ప్రదేశం (డొమైన్) లేదు.

ఈ మాట ఇవ్వని బొమ్మ ఎంత మోసం చేయగలదో చూడండి. వై = 5 − ఎక్స్²/10000 గ్రాఫును −10 నుంచి 10 వరకు గీస్తే, అంచుల దగ్గర విలువ 4.99. కంటికి అది వై = 5 దగ్గర స్కేలుతో గీసిన అడ్డగీతే. అసలు అవధి రెండువైపులా −∞. గ్రాఫులు గీసే డెస్మాస్ యాప్ తెరవగానే సుమారు ఆ −10 నుంచి 10 వరకే చూపిస్తుంది, అందుకే ఫోన్‌లో చూసి తేల్చేయవద్దు. రెంచి గుర్తు నొక్కి ఎక్స్ హద్దును 0 నుంచి 1000కు మార్చండి, వై హద్దును మీకు అనుమానం ఉన్న ఎత్తు చుట్టూ చిన్నగా పెట్టండి. రెండు వేళ్లతో జూమ్ చేస్తే రెండు అక్షాలూ కలిసే మారతాయి, ఎత్తులో ఉన్న చిన్న తేడా కనపడదు. ఇలా హద్దులు విడివిడిగా మార్చడమే మీ పట్టీ పరీక్షను ఫోన్‌లో చేసే పద్ధతి.

అలాగని హద్దును మరీ దూరం కూడా పెట్టకండి. (1 + 1/ఎక్స్) పవర్ ఎక్స్ తీసుకుంటే 100 దగ్గర 2.7048, 1000 దగ్గర 2.7169, అలా "ఈ" (e) అనే సంఖ్య, సుమారు 2.718 దగ్గరికి చేరుతుంది. ఎక్స్‌ను 1 పక్కన 16 సున్నాలు పెట్టినంత చేస్తే మాత్రం కంప్యూటర్ లెక్కలో జవాబు 1 అని వస్తుంది. మామూలు కంప్యూటర్ లెక్కల్లో సుమారు 16 అంకెలే నిలుస్తాయి. 1కి అంత చిన్న సంఖ్య కలిపితే అది మళ్లీ 1 గానే మిగులుతుంది, 1ని ఎన్నిసార్లు హెచ్చించినా 1. అంతకు కాస్త ముందు నుంచే గ్రాఫు వణుకుతూ కనిపిస్తుంది. అది ప్రమేయం లక్షణం కాదు, యంత్రం పరిమితి.

ఇప్పుడు అందరూ తడబడే చోటుకు వద్దాం. చదునుగా కనపడటం వేరు, కుదురుకోవడం వేరు. లాగ్ ఎక్స్ గ్రాఫు కుడివైపు పడుకున్నట్టే కనపడుతుంది, చాలామంది అవధి 3 అనో 4 అనో రాసేస్తారు. అవధి ∞. 10 ఆధారంగా ఉన్న లాగ్‌ను ఒక సెంటీమీటరుకు ఒక యూనిట్ చొప్పున కాగితం మీద గీస్తున్నారు అనుకోండి. గ్రాఫు 2 సెంటీమీటర్ల ఎత్తుకు చేరాలంటే కాగితం ఒక మీటరు పొడవుండాలి. 7 సెంటీమీటర్ల ఎత్తుకు 100 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి సుమారు నల్గొండ దాకా కాగితం పరవాలి. 10 సెంటీమీటర్ల ఎత్తుకు లక్ష కిలోమీటర్లు, భూమి చుట్టూ రెండున్నర చుట్లు. ఇంత మెల్లగా ఎక్కినా ఎక్కడా ఆగదు. మీరు ఏ ఎత్తు చెప్పినా దాన్ని దాటే చోటు ఒకటి ఉంటుంది. ∞ అనడానికి కావలసింది అంతే.

మరి కాగితం మీద ఈ రెండింటినీ ఎలా విడదీయాలి? ఎక్స్‌ను రెట్టింపు చేస్తూ 1, 2, 4, 8, 16 దగ్గర ఎత్తులు చదివి, వరసగా తేడాలు రాసుకోండి. 2 ఆధారంగా ఉన్న లాగ్‌కు ఎత్తులు 0, 1, 2, 3, 4 వస్తాయి. తేడా ప్రతిసారీ 1, తగ్గడమే లేదు. కాబట్టి కుదురుకోవడం లేదు. వై = 3 − 2/ఎక్స్‌కు ఎత్తులు 1, 2, 2.5, 2.75, 2.875. తేడాలు 1, 0.5, 0.25, 0.125, ప్రతిసారీ సగం. తేడాలు ఇలా సగం సగం అవుతుంటే ఇంకా మిగిలిన దూరమంతా కలిపి చివరి తేడాతో సమానం. 2.875 + 0.125 = 3. చుక్కల గీత ఇవ్వకపోయినా అవధిని ఇలా అంచనా కట్టవచ్చు. అంచనా అనే అంటున్నాను. నాలుగైదు కొలతలు రుజువు కావు. కానీ బహుళైచ్ఛిక ప్రశ్నలో సరైన ఎంపిక పట్టుకోవడానికి చాలు.

గ్రాఫు ఘాత ప్రమేయంలా ఉంటే రెట్టింపు చేయడం కాదు, సమాన దూరాల్లో చదవాలి. ఇరానీ చాయ్ కప్పు బల్ల మీద వదిలేసి, పది నిమిషాలకు ఒకసారి వేడి కొలిచారు అనుకుందాం. మొదట 88 డిగ్రీలు, తర్వాత 58, 43, 35.5. తేడాలు 30, 15, 7.5. ప్రతిసారీ సగం కాబట్టి ఇంకా దిగాల్సింది మరో 7.5, అంటే 28 డిగ్రీల దగ్గర కుదురుకుంటుంది. అదే గది వేడి. చాయ్‌కీ గదికీ మధ్య తేడా ఎంత ఉందో, ఆ నిష్పత్తిలోనే వేడి దిగుతుందని న్యూటన్ చల్లబడే నియమం చెబుతుంది. తేడా తగ్గే కొద్దీ దిగడమూ నెమ్మదిస్తుంది, అందుకే గ్రాఫు కొస అలా చదునవుతుంది. కొలత సగమే కానక్కర్లేదు, తేడా ప్రతిసారీ మూడో వంతుకు తగ్గుతుంటే మిగిలినది చివరి తేడాలో సగం. చాయ్ గ్రాఫుకు ఎడమవైపు అవధి లేదని వేరే చెప్పక్కర్లేదు, కప్పు బల్ల మీద పెట్టక ముందు కాలం ఆ ప్రమేయంలో లేదు.

ఎత్తు చదవడంలో పోయే మార్కులు కూడా తక్కువేమీ కాదు. మామూలు గ్రాఫు కాగితంలో సెంటీమీటరుకు పది చిన్న గళ్లు. వై-అక్షం మీద 1 సెం.మీ. = 2 యూనిట్లు అని ఇస్తే ఒక చిన్న గడి 0.2. కంటితో సగం గడి తేడా వస్తుంది కాబట్టి 2.9కీ 3కీ మధ్య మీరు నమ్మకంగా తేల్చలేరు. అక్కడ చుక్కల గీత పక్కన రాసిన విలువనే నమ్మాలి. ముందు స్కేలు చదవండి, ఆ తర్వాతే గ్రాఫు చూడండి. టాన్ ఇన్వర్స్ గ్రాఫులో ఇది బాగా దెబ్బతీస్తుంది. దాని చుక్కల గీత ఏ గడి మీదా కూర్చోదు, 1.5 అని రాసేస్తారు. కుడివైపు అవధి పై/2, సుమారు 1.571. ఎడమవైపు −పై/2. ఎక్స్ = 10 దగ్గర కూడా ఎత్తు 1.471 మాత్రమే, అందుకే కొస దగ్గరి ఎత్తునే అవధిగా రాయకూడదు.

రెండువైపులా వేర్వేరు జవాబులు వచ్చే ఇంకొకటి: వై = ఎక్స్/రూట్(ఎక్స్² + 1). గ్రాఫు చూస్తే కుడివైపు 1, ఎడమవైపు −1 అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. లెక్కగా చేసినప్పుడు మాత్రం రూట్(ఎక్స్²) = ఎక్స్ అని రాసి ఎడమవైపు కూడా 1 తెస్తారు. ఎక్స్ రుణాత్మకమైతే అది −ఎక్స్. ఇలాంటి లెక్క చేసిన ప్రతిసారీ పక్కన అరనిమిషంలో చిన్న గ్రాఫు గీసుకుంటే ఆ తప్పు అక్కడే దొరుకుతుంది.

మిగతా తప్పులు త్వరగా చెబుతాను. నిలువు చుక్కల గీతకూ దీనికీ సంబంధం లేదు. వై = (3ఎక్స్ + 2)/(ఎక్స్ − 1) గ్రాఫులో ఎక్స్ = 1 దగ్గర కొమ్మలు పైకీ కిందికీ దూకుతాయి, దాన్ని చూసి ∞ అని రాయకండి. కొసలు చూడండి: 101 దగ్గర 3.05, −49 దగ్గర 2.9. రెండువైపులా 3, కుడివైపు పైనుంచి, ఎడమవైపు కిందినుంచి. గరిష్ఠ విలువ కూడా అవధి కాదు. 4ఎక్స్/(ఎక్స్² + 1) గ్రాఫు ఎక్స్ = 1 దగ్గర 2 దాకా ఎక్కి దిగిపోతుంది, 100 దగ్గర 0.04, అవధి 0. చుక్కల గీత ఏటవాలుగా ఉంటే అవధి ఒక సంఖ్య కాదు. ఎక్స్ + 1/ఎక్స్‌కు "అవధి = ఎక్స్" అని రాసినవి కనపడుతుంటాయి. అవధిలో ఎక్స్ మిగలకూడదు. అక్కడ కుడివైపు ∞, ఎడమవైపు −∞. 2 పవర్ ఎక్స్ గ్రాఫు కుడివైపు గోడలా నిలబడుతుంది, ఎక్స్ = 10కే 1024. అది గోడ కాదు, ఎక్స్ ఎంతైనా పోవచ్చు, కుడివైపు ∞, ఎడమవైపు 0.

∞ అని రాయాలా, "లేదు" అని రాయాలా అన్నది కూడా అడుగుతుంటారు. ∞ సంఖ్య కాదు కాబట్టి పరిమిత అవధి లేదన్న మాట నిజమే. కానీ ∞ అని రాస్తే ఎటు పోతోందో కూడా చెప్పినట్టవుతుంది. ఎంపికల్లో ∞ ఉంటే అదే పెట్టండి. "లేదు" అన్నదాన్ని ఊగుతూ ఉండిపోయే వాటికి ఉంచుకోండి.

ఇదే గ్రాఫు ఇచ్చి తర్వాతి పరీక్షలో మెలిక పెట్టి అడిగే అవకాశం చాలా ఎక్కువ, కాబట్టి మీ గ్రాఫుతోనే అవీ చూద్దాం. ప్రమేయం పేరు ఎఫ్, కుడివైపు 2, ఎడమవైపు −∞. కొత్త ప్రమేయం లోపల ఉన్నది ఎటు పోతోందో ముందు చూసి, ఆ కొసకే వెళ్లాలి. ఎఫ్(ఎక్స్ + 100)కు కుడివైపు 2 గానే ఉంటుంది, గ్రాఫు పక్కకు జరిగితే కొస ఎత్తు మారదు. 3ఎఫ్(ఎక్స్) − 1కు కుడివైపు 5. ఎఫ్(−ఎక్స్)లో ఎక్స్ కుడికి పోతే లోపలిది ఎడమకు పోతుంది, కాబట్టి −∞. ఎఫ్(ఎక్స్²)లో ఎక్స్ ఎటు పోయినా లోపలిది కుడికే పోతుంది, రెండువైపులా 2. ఎఫ్(1/ఎక్స్)లో ఎక్స్ సున్నాకు కుడివైపు నుంచి వస్తే 1/ఎక్స్ అనంతానికి పోతుంది, జవాబు 2. ఎడమవైపు నుంచి వస్తే −∞. కాబట్టి సున్నా దగ్గర దానికి అవధి లేదు. 1/ఎఫ్(ఎక్స్)కు కుడివైపు 1/2. ఎడమవైపు −∞ హారంలోకి పోతుంది కాబట్టి 0, అదీ కిందినుంచి వచ్చే 0.